‘సర్వత్రా ఉత్కంఠ’ అంటే వార్త ఇంకా పుట్టలేదని

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా 2025 నవంబరులో గుంటూరు జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో, దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక పాత్రికేయుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

పెద్దలకు, అమ్మలకు, వెనక బెంచీల్లో పోటీ పరీక్షల పుస్తకాలు మూసి నా మొహం చూస్తున్న పిల్లలకు నమస్కారం. మైకు వెనక్కి వినబడుతోందా? సరే.

‘వార్తలు చదవడం ఎలా’ అనే విషయం మీద మాట్లాడమని లైబ్రేరియన్ గారు ఫోన్ చేశారు. చదవడం ఎలాగో అందరికీ వచ్చండీ, ఆపడం ఎలాగో మాట్లాడతాను అన్నాను. ‘అయితే మా రీడింగ్ రూం మొత్తాన్ని కూర్చోబెడతాను’ అన్నారాయన. (నవ్వులు) నిజంగానే కూర్చోబెట్టారు.

2019 ఒకసారి గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 11న మనం ఓట్లేశాం. దేశమంతా ఏడు విడతలు పూర్తి కావాలి కాబట్టి లెక్కింపు మే 23న. మధ్యలో 42 రోజులు. ఓట్లేమో యంత్రాల్లో ఉన్నాయి, యంత్రాలేమో స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి, తలుపులకు సీళ్లు, బయట తుపాకులు పట్టుకుని కేంద్ర బలగాలు. చివరి విడత అయ్యేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పకూడదని చట్టం. అంటే ఆ 42 రోజుల్లో చాలావరకు చెప్పేవాడికి చెప్పడానికేమీ లేదు, వినేవాడికి వినడానికేమీ లేదు.

మరి మన ఊళ్లలో ఏం జరిగింది? టీ కొట్టు దగ్గర తెల్లవారుజామునే మొదలు. సైలెంట్ ఓటు ఎటు పడిందంటావ్? ఆడవాళ్లు అర్ధరాత్రి దాకా లైన్లో నిలబడ్డారంటే దేనికి నిలబడ్డట్టు? క్రాస్ ఓటింగ్ ఎంత? మా వీధిలో ఒకాయన ఉండేవాడు, మంచి మనిషి, ఎరువుల కొట్టు నడిపేవాడు. నియోజకవర్గాల పేర్లన్నీ ఒక పొడుగాటి చీటీ మీద రాసుకుని, మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఎవరు కనబడినా చీటీ తీసేవాడు. వాళ్లు చెప్పింది విని పెన్సిల్‌తో ఒక సీటు చెరిపి ఇటు రాసేవాడు. సాయంత్రం ఇంకొకరు చెప్పింది విని మళ్లీ అటు. మడతల దగ్గర చీటీ చిరిగితే సెలోటేప్ అంటించాడు. మే నెల వచ్చేసరికి ఆయనకు నిద్ర కరువైంది, బీపీ మాత్ర ఒకటి పోయి రెండయ్యాయి. భార్య వచ్చి మా ఇంట్లో చెప్పుకుంది: ‘నిద్రలో కూడా మెజారిటీలు లెక్కపెడుతున్నాడు వదినా’ అని.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ‘తెలుసుకుంటే బెంగ తగ్గుతుంది’ అని మనందరికీ ఒక నమ్మకం ఉంది. అందుకే చూస్తున్నాం అంటాం. ఆ 42 రోజుల్లో తెలుసుకోడానికే ఏమీ లేదు. అయినా బెంగ రోజురోజుకీ పెరిగింది. అంటే మన బెంగకి సమాచారంతో పెద్దగా పని లేదన్నమాట. దానికి కావాల్సింది తిరగడానికి ఒక చోటు. 2024లో మే 13న ఓటేస్తే జూన్ 4కి లెక్క తేలింది, 22 రోజులే. గడువు సగమైంది గానీ హడావుడి ఏమన్నా సగమైందా? లేదు. అప్పటికి ఫోన్లు రెట్టింపయ్యాయి.

సరే, లెక్కింపు రోజు సంగతి చూద్దాం. ఉదయం ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లు, ఎనిమిదిన్నర నుంచి యంత్రాలు. ఒక హాల్లో మామూలుగా 14 టేబుళ్లు వేస్తారు. టేబుల్‌కొక యంత్రం, 14 యంత్రాలు అయితే ఒక రౌండు. మీ నియోజకవర్గంలో 280 బూత్‌లుంటే 20 రౌండ్లు. యంత్రాలు బూత్ నంబర్ల వరసలో వస్తాయి. కాబట్టి మొదటి రౌండ్లలో వచ్చేవి నియోజకవర్గంలో ఒక మూలనున్న ఊళ్లు. ఆ మూల ఎవరికి బలముంటే వాళ్లు ‘ముందంజ’. నాలుగో రౌండుకి ఇంకో మండలం మొదలవగానే ‘అనూహ్య మలుపు’. మలుపూ లేదు, ఏమీ లేదు! ఓటు పడింది మూడు వారాల కింద. మీరు చూస్తున్నది పెట్టెలు తెరిచే వరస. ఆ వరసకి మనం చెమటలు పట్టించుకుంటాం, దణ్ణాలు పెడతాం, ఫలానా కుర్చీలో కూర్చుంటే మనవాడికి లీడు వస్తోందని లేవడం మానేస్తాం. డాలస్‌లో ఉన్న మన పిల్లలకి అప్పుడు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. వాళ్లు తెల్లారేదాకా మేలుకుని, అలాగే ఆఫీసు పనిలో కూర్చుంటారు. సాయంత్రం పడుకుని పొద్దున్నే లేచి చూసినా అదే ఫలితం కదండీ.

ఇంకో మాట. 2019లో ఒక పార్టీకి 175కి 151 వచ్చాయి. 2024లో అదే పార్టీకి 11. అవతలి పార్టీకి 23 నుంచి 135. నేను ఏ పార్టీ అని ఊహించుకోకండి, ఈ వయసులో నాకు ఆ ఓపిక లేదు. (నవ్వులు) రెండుసార్లూ ఫలితాల రాత్రి ‘ఇక అయిపోయింది, ఈ రాష్ట్రం మనకి కాదు’ అని అన్నం మానేసిన వాళ్లని చూశాను. రెండుసార్లూ ‘ఇంక ముప్పై ఏళ్లు మనదే’ అన్నవాళ్లనీ చూశాను. మనుషులు మారారు, మాటలు అవే. భవిష్యత్తు మీద అంత నమ్మకంగా మాట్లాడించేది భయమో, సంతోషమో గానీ, తెలివి మాత్రం కాదు.

ఇప్పుడు నా వృత్తిలో నుంచి కొన్ని చెబుతాను. ఇవి మాత్రం నాకు బాగా తెలుసు.

డెస్కులో రాత్రి పూట రిపోర్టర్ కాపీ వస్తుంది. దాంట్లో విషయం ఉంటే మేం విషయమే హెడ్డింగ్ పెడతాం. విషయం లేదనుకోండి, అప్పుడు పెట్టే మాటలు కొన్ని రెడీగా ఉంటాయి. ‘సర్వత్రా ఉత్కంఠ’ అంటే ఏమిటి? ఇంకా ఏమీ జరగలేదని. ‘రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ’ అంటే రిపోర్టరు, ఇంకో ఇద్దరు రిపోర్టర్లు కలిసి టీ తాగారని. (నవ్వులు) ‘విశ్వసనీయ సమాచారం’ అంటే చెప్పినవాడు పేరు వేయొద్దన్నాడని. ఎందుకు వద్దన్నాడో మీరు ఆలోచించుకోవాలి. ‘తెరపైకి’ అంటే పాతదే, మళ్లీ తీశారు. ఇక హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం ఉందనుకోండి, ‘రాజీనామా చేస్తారా?’ అని, రాసినవాడికే తెలియదు, మిమ్మల్ని అడుగుతున్నాడు. మీరెందుకు దాన్ని రాత్రంతా మోస్తారు?

టీవీలో అయితే ‘కాసేపట్లో’ అనే మాట ఉంది. చూడండి, ఈ రాత్రికే చూడండి. ‘కాసేపట్లో కీలక ప్రకటన’ అని కింద స్క్రోలింగ్ పోతుంటుంది. పైన ఒక నాయకుడు కారు దిగి లోపలికి వెళ్తుంటాడు. పది సెకన్ల బొమ్మ. ఆయన మళ్లీ దిగుతాడు, మళ్లీ వెళ్తాడు. అరగంటలో ఆయన ఎన్నిసార్లు కారు దిగాడో లెక్కపెట్టండి. ఒకసారి లెక్కపెట్టిన మా బంధువు ఒకావిడ తర్వాత ఆ చానల్ చూడలేకపోయింది, నవ్వొస్తోందని. ఇంకో చిన్న పని: డిబేట్ జరుగుతుంటే సౌండు మొత్తం తీసేసి ఐదు నిమిషాలు మొహాలు మాత్రం చూడండి. ఎవరు ఏం చెప్పారో తెలియదు గానీ, ఏం జరుగుతోందో బాగా తెలుస్తుంది.

వాళ్లని తిట్టడానికి చెప్పడం లేదు. ఇరవై నాలుగు గంటలు నింపాలి వాళ్లు. ప్రతి గురువారం రేటింగులొస్తాయి. ఈటీవీ 2 వచ్చింది 2003 చివర్లో, టీవీ 9 ఆ తర్వాత 2004లో. అంతకుముందు తెలుగువాడికి వార్త అంటే పొద్దున రేడియో, పేపరు, రాత్రి టీవీలో ఒక బులెటిన్. మిగతా టైంలో వార్తలు జరిగేవి గానీ మనకి చేరేవి కావు. పేపరుకి ఆఖరి పేజీ ఉంటుంది, అక్కడికి చదవడం అయిపోతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, చివరి అడ్డు కూడా పోయింది. ఫోనులో వేలితో కిందికి లాగితే ఆఖరి పేజీ రాదు. దానికి ఆఖరి పేజీ పెట్టకుండా తయారుచేశారు. ‘నాకు నిగ్రహం లేదు’ అని బాధపడేవాళ్లకి ఈ మాట చెప్పాలి. అవతల పక్క బోలెడు మంది ఇంజనీర్లు కూర్చుని మీ వేలు ఆగకుండా చూస్తున్నారండీ, వాళ్లలో సగం మంది మన జిల్లా వాళ్లే అయివుంటారు. (నవ్వులు)

బెంగ మాటకి వస్తే, మానసిక వైద్యులు చెప్పే ఒక సంగతి నాకు బాగా అర్థమైంది. మాటిమాటికీ చూసుకోవడం అనేది దురద గోక్కోవడంలాంటిది. ఆ క్షణానికి హాయి, పది నిమిషాలకు ఇంకా ఎక్కువ. తలుపు తాళం వేశానా లేదా అని నాలుగుసార్లు వెనక్కొచ్చే మనిషికి నాలుగోసారి చూసినందువల్ల ధైర్యం రాదు, ఐదోసారి చూడాలనే అలవాటు వస్తుంది. వార్తలు కూడా అంతే. మీరు పేపరు చదువుతున్నారా, లేక తాళం చూసుకుంటున్నారా అని మిమ్మల్ని మీరే అడగండి. పోల్చుకోవడం తేలికే: చదివినవాడికి చదివింది గుర్తుంటుంది. తాళం చూసుకున్నవాడికి ఒక గంట ఫోను చూశాక ఏం చూశావంటే చెప్పడానికి ఒక్క ముక్క ఉండదు, గుండె మాత్రం బరువుగా ఉంటుంది.

2013 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తర్వాత వేలమందిని అడిగి చూశారు. పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్ల కంటే, ఆ వారంలో రోజుకి ఆరు గంటలు, అంతకు మించి ఆ దృశ్యాలు టీవీల్లో, ఫోన్లలో చూసినవాళ్లలోనే తీవ్రమైన ఒత్తిడి ఎక్కువ కనబడింది. వేల మైళ్ల దూరంలో సోఫాలో కూర్చున్నవాళ్లు! అంతకుముందే కలతగా ఉన్నవాళ్లే ఎక్కువ చూసి ఉండొచ్చని వాదించవచ్చు, ఆ మాటా నిజమే. అయినా ఈ సంగతి విన్నాక నేను ఇంట్లో పిల్లల ముందు ప్రమాదాల దృశ్యాలు పెట్టడం మాన్పించాను.

మొన్న సెప్టెంబరు సంగతి మీ అందరి ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి వీసాకి లక్ష డాలర్లు అని సంతకం పెట్టాడు. మనకది శనివారం తెల్లవారుజాము. పొద్దున ఆరింటికి మా ఇంట్లో ఫోన్లు మొదలు. పెళ్లికి వచ్చినవాళ్లు బ్యాగులు సర్దుకుని విమానాశ్రయాలకి పరుగు. అమెరికాలో విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు. ఏటా లక్ష డాలర్లు అని ఒకడు, ఉన్నవాళ్లు కూడా కట్టాలని ఒకడు. మర్నాటికి అక్కడి ప్రభుత్వమే వివరణ ఇచ్చింది: ఇది ఒకసారి కట్టేది, కొత్త దరఖాస్తులకి, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి, రెన్యువల్‌కి కాదు అని. ఈ మధ్యలో మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎంతమంది తల్లిదండ్రులు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నారో!

భయపడటం తప్పంటానా? అనను. పిల్లాడి బతుకు అది. ఇంటి అప్పు అది. వాళ్లు తెలుసుకోవాల్సిందే. కానీ ఎవర్ని అడిగి? ఆ రాత్రి పనికొచ్చే మాట చెప్పగలిగింది కంపెనీ లాయరు ఒక్కడే. మిగతా గ్రూపుల్లో తిరిగిందంతా లాయరుకి పది గంటల ముందు పుట్టిన ఊహ. వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు చూశారా? కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి అలాంటి దాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తున్నారు. రెండు బాణాలు కనబడితే దాన్ని మీ ఇంట్లో ఆపేయండి.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే ఈ మాటలన్నీ కడుపు నిండినవాడి కబుర్లు అవుతాయి. మన పక్కనే ఉంది అమరావతి. భూసమీకరణలో పొలం ఇచ్చినవాడు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట విన్నప్పుడు టీవీ ముందు నుంచి లేవలేకపోయాడంటే అది జబ్బు కాదండీ. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చే రోజు అతను పొద్దున్నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాడంటే, అతని ఎకరం ఆ తీర్పులో ఉంది. అతనికి ‘వార్తలు తగ్గించుకో నాయనా’ అని చెప్పేవాణ్ణి నేను కాను. అతను టీవీ ముందు మాత్రమే కూర్చోలేదు, శిబిరంలో కూర్చున్నాడు, కోర్టుకి వెళ్లాడు, నడిచాడు. వార్త అతనికి పని చెప్పింది. వార్త విన్నాక చేయడానికి మీకు పని ఏదైనా ఉందా? ఉంటే లేచి చేయండి. లేదంటే మీరు ఇంకొకరి కష్టాన్ని సీరియల్‌లాగా చూస్తున్నారేమో. కొంచెం గట్టిగా అంటున్నాను, ఏమనుకోకండి.

ఏం చేయాలంటారా? నాకు పనికొచ్చినవి, నా దగ్గరికి వచ్చి అడిగినవాళ్లకి పనికొచ్చినవి చెబుతాను. వార్తలకి వేళ పెట్టండి. పొద్దున పేపరు ఒకటి, సాయంత్రం ఒక బులెటిన్. నిద్ర లేవగానే మంచం మీద వద్దు, రాత్రి అన్నం తర్వాత అసలే వద్దు. న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లు అన్నీ తీసేయించండి; రాకపోతే మనవరాలికి ఇవ్వండి, నిమిషంలో తీసేస్తుంది. కులం గ్రూపు, కాలనీ గ్రూపు, పార్టీ గ్రూపు ‘ఎల్లప్పుడూ మ్యూట్’లో పెట్టండి. బయటికొస్తే గొడవ, మ్యూట్‌లో పెడితే ఎవరికీ తెలియదు.

బెంగకి కూడా వేళ పెట్టొచ్చు. ఇది నా మాట కాదు. 1983లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దీన్ని పరీక్షించి చూశారు. రోజూ ఒకే టైము, ఒకే చోటు, అరగంట. పగలు ఎప్పుడు బెంగ వచ్చినా ‘సాయంత్రం ఆ కుర్చీలో చూద్దాం’ అని వాయిదా వేయడం. సాయంత్రం నిజంగానే కూర్చోవాలి, అరగంటా బెంగపడాలి. అలా చేసినవాళ్లకి రోజు మొత్తం మీద బెంగ తగ్గింది. పైగా అరగంట పాటు పని పెట్టుకుని బెంగపడటం ఎంత కష్టమో చేసి చూడండి. పది నిమిషాలకి కరెంటు బిల్లు గుర్తొస్తుంది. (నవ్వులు)

మూడోది పని. రాష్ట్రం ఎటు పోతోందన్న చింత మీకు నిజంగా ఉంటే, మీ వీధి డ్రైనేజీ దగ్గర మొదలుపెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా పేటలో రేషన్ కార్డు గొడవల మీద తిరిగే ఒక టైలర్ ఉన్నాడు. రాజకీయాలు వాడికి మా అందరికంటే ఎక్కువ తెలుసు, డిబేట్లు మాత్రం చూడడు. ఖాళీ లేదంటాడు.

ఒకవేళ నిద్ర రోజుల తరబడి పట్టడం లేదు, గుండె దడ, తిండి సయించడం లేదు, ఇంట్లో వాళ్ల మీద అరుస్తున్నారు అంటే, అది నా ప్రసంగంతో పోయేది కాదు. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని, 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒక మహిళ: మా వారు రిటైరయ్యాక రాత్రి డిబేట్ల దగ్గరే ఉంటున్నారండీ. టీవీతో గొడవ పడతారు. కట్టేయమంటే నాతో గొడవ పడతారు.)

అమ్మా, ఆయన ఇక్కడే ఉన్నారా? లేరుగా, అయితే చెబుతాను. (నవ్వులు) కట్టేయమనొద్దు. రిటైరైనవాడికి ఆ గంటన్నర తన మాట చెల్లే చోటు అది ఒక్కటే. ఎదుటివాడు జవాబివ్వడు కూడా. ఆ వేళకి ఆయన్ని అడిగేవాళ్లు ఎవరైనా ఉండాలి. ఇక్కడ గ్రూప్-2కి చదివే పిల్లలున్నారు, పాలిటీ చెప్పేవాళ్లు కావాలి వాళ్లకి. ఏ ఉద్యోగం చేశారాయన? రెవెన్యూలోనా! రేపు సాయంత్రం పంపండి. లైబ్రేరియన్ గారూ, ఒక కుర్చీ చూడండి.

(ఒక విద్యార్థి: మాకు కరెంట్ అఫైర్స్ కావాలి కదా సార్, వార్తలు తగ్గిస్తే ఎలా?)

నాన్నా, పరీక్షలో ఏ చట్టం ఏ ఏడాది వచ్చిందని అడుగుతారు గానీ, నిన్న రాత్రి డిబేట్‌లో నుంచి ఎవరు లేచి వెళ్లిపోయారని అడగరు. నెలకొక మాసపత్రిక, రోజుకొక పేపరు. పేపర్లో కూడా ముందు ఎడిటోరియల్ పేజీ, తర్వాత బిజినెస్ పేజీ. మొదటి పేజీ ఆఖర్న చూడు. అప్పటికి టైం లేకపోతే మరీ మంచిది.

(వెనక నుంచి ఒక పెద్దాయన: పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. వాటికేం చేద్దాం?)

2021 ఫిబ్రవరిలో జరిగాయి, ఐదేళ్లు నిండుతున్నాయి, నిజమే. మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకున్నారా? చూసుకోలేదు! ఎవరు గెలుస్తారో మాత్రం తెలుసు మీకు. (నవ్వులు) పంచాయతీ జాబితా కూడా అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారవుతుంది. పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారితే, తప్పులుంటే ఫారం 8. మీ బూత్ బీఎల్‌ఓ, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, ఎవరో కనుక్కోండి. ఫోనులో చూడటం రానివాళ్లు సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఓటరు కార్డు తెచ్చుకున్నవాళ్లు ముందు.